బీహెచ్3 పెప్టైడ్‌కి ఒక్క జోడీనే అలవాటు చేయడం: కణ మరణ ప్రోటీన్ల మీద పని మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

పీహెచ్‌డీ మొదటి ఏడాది చివర్లో ఆరు పెప్టైడ్‌లు పట్టుకుని ప్లేట్ రీడర్ ముందు కూర్చున్నాను. ఆరింటి ఐసీ50 (సగం అతుకును చెరపడానికి కావాల్సిన గాఢత) కూడా 12 నుంచి 14 నానోమోలార్ మధ్యే వచ్చింది. అన్నీ బ్రహ్మాండంగా అతుక్కుంటున్నాయని పొంగిపోయి గైడ్ గదికి పరిగెత్తాను. ఆవిడ కర్వ్‌ల వైపు చూడనే లేదు. "ప్రోటీన్ ఎంత వేశావు?" అన్నారు. "20 నానోమోలార్, మేడమ్." "మరి అంతకన్నా కింద ఏముందో నీ ప్లేట్‌కి ఎలా కనిపిస్తుంది?" అని మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగిపోయారు.

ఆ మాట అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. లెక్క ఐదో అడుగులో చెబుతాను. ఈ రంగంలో అతుక్కునే పెప్టైడ్ చేయడం పెద్ద విశేషం కాదు, ప్రకృతి ఆ పని ఎప్పుడో చేసి పెట్టింది. ఒక్కదానికే అతుక్కుని పక్కదాన్ని వదిలేసేలా చేయడం, ఆపైన కణం నిజంగా ఆ దారిలోనే చచ్చిందని రుజువు చేయడం, ఈ రెండే కష్టం. కింద రాసినదంతా ఆ రెంటి గురించే. ఎంఎస్సీ ప్రాజెక్టులో ఉన్నవారినీ, పీహెచ్‌డీ మొదట్లో ఉన్నవారినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉదాహరణ: బిమ్ అనే ప్రోటీన్‌లోని చిన్న ముక్కను ఎంసీఎల్-1కి అతుక్కునేలా, బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని వదిలేసేలా మార్చడం.

ముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూద్దాం

కణం తనను తాను పద్ధతిగా చంపుకోవడానికి 1972లో కెర్, విల్లీ, కర్రీ అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడానికి గ్రీకులో వాడే మాట అది. సీ. ఎలెగాన్స్ అనే చిన్న పురుగు పెరిగే క్రమంలో 1,090 శరీర కణాలు పుడితే అందులో సరిగ్గా 131 చచ్చిపోతాయి, ప్రతి పురుగులోనూ అవే 131. ఆ లెక్క వెనకున్న జన్యువులను పట్టుకున్నందుకే 2002లో బ్రెన్నర్, హోర్విట్జ్, సల్‌స్టన్‌లకు నోబెల్ వచ్చింది.

మనుషుల్లో ఈ నిర్ణయం బీసీఎల్-2 కుటుంబం చేతిలో ఉంటుంది. ఇంటిపేరు ఒకటే, పనులు మూడు రకాలు. బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్‌ఎల్, బీసీఎల్-డబ్ల్యూ, ఎంసీఎల్-1, బీఎఫ్ఎల్-1 కాపలాదారులు, ఇవి కణాన్ని బతికిస్తాయి. బ్యాక్స్, బ్యాక్ అనేవి మైటోకాండ్రియా బయటి పొరకు రంధ్రాలు పొడిచేవి. ఆ రంధ్రాల గుండా సైటోక్రోమ్ సీ బయటికి వస్తే కాస్పేస్ ఎంజైములు మేల్కొంటాయి, ఇక వెనక్కి తిరిగే దారి దాదాపు ఉండదు. మూడో రకం బీహెచ్3 మాత్రమే ఉన్న ప్రోటీన్లు: బిమ్, బిడ్, ప్యూమా, బ్యాడ్, నాక్సా, హెచ్ఆర్‌కే. కణానికి దెబ్బ తగిలిందన్న కబురు మోసుకొచ్చేవి ఇవే. వీటిలో బీహెచ్3 అనే పాతిక అమైనో ఆమ్లాల ముక్క స్ప్రింగులా చుట్టుకుని కాపలాదారు ఒంటి మీదున్న గాడిలో ఇరుక్కుంటుంది. గాడి నిండిపోతే కాపలాదారు ఇంకెవరినీ పట్టుకోలేడు.

అసలు మజా ఇక్కడుంది. బిమ్, ప్యూమా కాపలాదారులందరినీ పట్టుకుంటాయి. బ్యాడ్ మాత్రం బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్‌ఎల్, బీసీఎల్-డబ్ల్యూలకే వెళ్తుంది, ఎంసీఎల్-1 జోలికి పోదు. నాక్సా దానికి ఎదురు, ముఖ్యంగా ఎంసీఎల్-1నే పట్టుకుంటుంది. గాళ్లు చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఎంపిక సాధ్యమేనని ప్రకృతే చూపించింది.

అడుగు 1: ఎవరిని వదిలేయాలో ముందే రాసుకోండి

చాలామంది "నా టార్గెట్ ఎంసీఎల్-1" అని ఒక్క వాక్యం రాసుకుని మొదలుపెడతారు. అది సగం ప్రశ్నే. "ఎంసీఎల్-1ని పట్టుకోవాలి, బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని కనీసం వంద రెట్లు తక్కువగా పట్టుకోవాలి" అని అంకెతో సహా రాసుకోండి. ఈ అంకె ఎందుకంత ముఖ్యమో వెనెటోక్లాక్స్ కథ చెబుతుంది.

1990ల్లో అమెరికాలోని అబాట్ కంపెనీలో స్టీఫెన్ ఫెసిక్ బృందం బీసీఎల్-ఎక్స్‌ఎల్ ఆకారాన్ని తేల్చింది. 1997లో బ్యాక్ పెప్టైడ్ దాని గాడిలో ఎలా కూర్చుంటుందో కూడా చూపించింది. 2005లో ఆ గాడిలో దూరే చిన్న అణువు ఏబీటీ-737 వచ్చింది. దాని నుంచి నోటితో మింగగలిగే నావిటోక్లాక్స్ వచ్చింది. మందు పనిచేసింది, కానీ రోగుల రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కారణం 2007లోనే తెలిసింది: ప్లేట్‌లెట్ ఎన్ని రోజులు బతకాలో చూసుకునే గడియారం బీసీఎల్-ఎక్స్‌ఎలే. దాన్ని మూసేస్తే ప్లేట్‌లెట్ గడువుకు ముందే ముసలిదైపోతుంది. ఆ తర్వాత బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని పక్కనపెట్టి బీసీఎల్-2నే గట్టిగా పట్టుకునేలా అణువును తిరగరాశారు. అదే వెనెటోక్లాక్స్. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక రకం దీర్ఘకాలిక లుకేమియాకు అనుమతి వచ్చింది. అది ఎంత జోరుగా చంపుతుందంటే, చచ్చిన కణాల చెత్త ఒక్కసారిగా రక్తంలో పడకుండా 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఐదు వారాల్లో 400కు పెంచుకుంటూ వెళ్తారు.

ఎంసీఎల్-1 విషయంలోనూ భయం ఉంది. దాన్ని అడ్డుకునే కొన్ని మందుల ట్రయల్స్ గుండె మీద ప్రభావం చూపుతాయన్న అనుమానంతో ఆగిపోయాయి. మీరు చేస్తున్నది మందు కాకపోవచ్చు, పరిశోధన సాధనమే కావచ్చు. అయినా "ఎవరిని వదలాలి" అన్న గడి ఖాళీగా పెట్టకండి.

అడుగు 2: ఒక సాయంత్రం గాడిని చూస్తూ కూర్చోండి

ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి రెండు ఫైళ్లు దింపుకోండి. ఎంసీఎల్-1, బిమ్ జంటకు 2పీక్యూకే. బీసీఎల్-ఎక్స్‌ఎల్, బిమ్ జంటకు 3ఎఫ్‌డీఎల్. ఉచితంగా దొరికే కైమెరాఎక్స్‌లో రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టండి.

బిమ్ హీలిక్స్‌లో, అంటే ఆ స్ప్రింగు చుట్టలో, నాలుగు అమైనో ఆమ్లాలు గాడిలోపలికి తలపెట్టి ఉంటాయి. వరుసగా ఐసోల్యూసిన్ 58, ల్యూసిన్ 62, ఐసోల్యూసిన్ 65, ఫినైలలనిన్ 69. మధ్య దూరాలు చూడండి: నాలుగు, మూడు, నాలుగు. హీలిక్స్ ఒక చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు పడతాయి కాబట్టి ఈ నాలుగూ ఒకే వైపుకు వస్తాయి. నాలుగూ నీరంటే పడనివి, అందుకే గాడిలోని నాలుగు గుంటల్లో దాక్కుంటాయి. వీటికి తోడు 67వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. దాని మైనస్ చార్జి, కాపలాదారు గాడి అంచునున్న ఆర్జినిన్ ప్లస్ చార్జిని పట్టుకుంటుంది. బీసీఎల్-ఎక్స్‌ఎల్‌లో అది ఆర్జినిన్ 139, ఎంసీఎల్-1లో 263. బీహెచ్3 ముక్కలన్నింట్లోనూ ఆ ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి.

ఇక్కడే ఒక చిన్న గుంత ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. బిమ్‌కి పొట్టి, పొడుగు రూపాలున్నాయి. ఒక పేపర్లో ల్యూసిన్ 62 అన్నది, ఇంకో పేపర్లో ల్యూసిన్ 152 అవుతుంది. రెండూ అదే అమైనో ఆమ్లం, 90 తేడా. ప్రైమర్ ఆర్డర్ చేసే ముందు వరుసను పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇప్పుడు 62, 69 స్థానాల చుట్టూ తిప్పి చూడండి. బీసీఎల్-ఎక్స్‌ఎల్ పట్టంతా ఈ రెండు గుంటల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఎంసీఎల్-1 గాడి కొంచెం తెరుచుకుని, అవి పోయినా సర్దుకుంటుంది. మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2008లో ఈ రెండు స్థానాల్లోనూ అలనిన్ పెట్టి, ఎంసీఎల్-1ని మాత్రమే పట్టుకునే బిమ్‌ని తయారుచేసింది. మీ మొదటి మ్యుటెంట్ అదే కావాలి. తెలిసిన జవాబును మీ చేతులతో మళ్లీ రాబట్టగలిగితేనే తెలియని జవాబును నమ్మవచ్చు.

ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్‌లో వేసి చూడొచ్చు కదా అని అడుగుతారు. వేయండి, హీలిక్స్ గాడిలో చక్కగా కూర్చున్న బొమ్మ వస్తుంది. బాధేమిటంటే, అతుక్కోని మ్యుటెంట్‌కి కూడా దాదాపు అదే బొమ్మ రావచ్చు. ఒక్క అమైనో ఆమ్లం మారినప్పుడు బలం ఎంత తగ్గిందో చెప్పడానికి ఆ స్కోరును నమ్ముకోవద్దని నా అభిప్రాయం.

అడుగు 3: ప్రోటీన్ తయారీ

ఇది ఎక్కువ సాగదీయను. పూర్తి పొడవు ప్రోటీన్‌తో కుస్తీ పట్టకండి. ఎంసీఎల్-1లో 171 నుంచి 327 దాకా చాలు. ముందున్న తొందరగా కరిగిపోయే భాగం, చివర పొరలో గుచ్చుకునే తోక రెండూ పోతాయి. బీసీఎల్-ఎక్స్‌ఎల్‌లో 1 నుంచి 209 తీసుకుని, మధ్యలో వేలాడే 45–84 లూపును కోసేయవచ్చు. బీఎల్21 డీఈ3 బ్యాక్టీరియాలో, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ కొంచెమే వేసి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచండి. నికెల్ కాలమ్ తర్వాత జెల్ ఫిల్ట్రేషన్ తప్పనిసరి. బీసీఎల్-ఎక్స్‌ఎల్‌కి ఒకదాంతో ఒకటి ముడిపడి జంటలుగా మారే అలవాటుంది. జెల్ మీద బ్యాండ్ ఎంత శుభ్రంగా ఉన్నా ఈ జంటలు కనిపించవు. ఒంటరి ప్రోటీన్ ఉన్న పీక్‌నే తీసుకుని, చిన్న చిన్న ట్యూబుల్లో ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించినది మళ్లీ ఫ్రీజర్లోకి వెళ్లకూడదు.

అడుగు 4: పెప్టైడ్, దాని బరువు చెప్పే అబద్ధం

26 అమైనో ఆమ్లాల బిమ్ ముక్కను ఒక చివర ఎసిటైల్, ఇంకో చివర అమైడ్‌తో ఆర్డర్ చేయండి. లేదంటే చివరల చార్జి హీలిక్స్‌ను ఇబ్బంది పెడుతుంది. ట్యూబు మీద 1 మిల్లీగ్రాము అని ఉంటుంది. అందులో కొంత నీరు, కొంత తయారీలో మిగిలిన ఆమ్లపు లవణం. బరువు నమ్మి స్టాక్ చేస్తే గాఢత తప్పుతుంది, కొన్నిసార్లు బాగా తప్పుతుంది. బిమ్ ముక్కలో ఒక ట్రిప్టోఫాన్, రెండు టైరోసిన్‌లు ఉన్నాయి కాబట్టి 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణతో కొలవండి: 5,500 కి రెండు 1,490లు కలిపితే 8,480. మెరిసే రంగు తగిలించిన పెప్టైడ్‌ను మాత్రం ఇలా కొలవకూడదు, ఆ రంగు 280 దగ్గర కూడా కాంతిని మింగుతుంది. దాన్ని రంగు సొంత తరంగదైర్ఘ్యంలోనే కొలవాలి.

దీంతోపాటే కంట్రోల్ ఆర్డర్ చేయండి. గాడిలోకి వెళ్లే ఆ నాలుగు స్థానాల్లోనూ గ్లూటామిక్ ఆమ్లం పెట్టిన బిమ్, దాన్ని 4ఈ అంటారు. పొడవు అంతే ఉంటుంది, గాడిలో మాత్రం కూర్చోలేదు. బడ్జెట్ చాలక ఒకటి తగ్గించాల్సి వస్తే మ్యుటెంట్ తగ్గించండి, దీన్ని కాదు.

అడుగు 5: అతుక్కుందా, ఎంత గట్టిగా?

ఫ్లోరోసెన్స్ పోలరైజేషన్ చౌక, తేలిక. మెరిసే చిన్న పెప్టైడ్ ఒంటరిగా ఉన్నప్పుడు గిరగిరా తిరుగుతుంది, కాంతి దిశ చెదిరిపోతుంది. తనకన్నా ఐదారు రెట్లు బరువున్న ప్రోటీన్‌ని పట్టుకుంటే నెమ్మదిస్తుంది, దిశ నిలుస్తుంది. ప్లేట్ రీడర్ చూసేది ఆ తేడానే. 384 గుంటల నల్ల ప్లేటు, పీహెచ్ 7.4 బఫర్, 150 మిల్లీమోలార్ ఉప్పు, ప్రోటీన్ ప్లాస్టిక్‌కి అంటుకోకుండా ట్వీన్-20 0.01 శాతం.

మొదట మెరిసే పెప్టైడ్‌ని స్థిరంగా 5 నానోమోలార్ దగ్గర పెట్టి ప్రోటీన్‌ని పెంచుకుంటూ వెళ్లండి. కేడీ వస్తుంది, అతుకు బలం చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. తర్వాత ప్రోటీన్, మెరిసే పెప్టైడ్ రెంటినీ స్థిరంగా పెట్టి, మీ మామూలు పెప్టైడ్‌ని పెంచుకుంటూ పోటీ పెట్టండి. ఐసీ50 వస్తుంది.

ఇప్పుడు మేడమ్ ప్రశ్నకు రావచ్చు. గుంటలో 20 నానోమోలార్ ప్రోటీన్ ఉంది. అందులో సగం గాళ్లు మూయాలంటే, ఎంత గట్టిగా అతుక్కునే పెప్టైడ్ అయినా కనీసం 10 నానోమోలార్ ఉండాలి. ఒక అణువు ఒక గాడినే కదా మూసేది! మెరిసే పెప్టైడ్ కేడీ 20 నానోమోలార్ అనుకుని పూర్తి లెక్క వేస్తే ఆ అడుగు గీత 12.7 దగ్గర తేలుతుంది. నా ఆరు పెప్టైడ్‌లూ ఆ నేలకే తగిలి ఆగాయి. అందులో ఒకదాని అసలు బలం 0.1 నానోమోలార్ కావచ్చు, ఇంకోదానిది 1 కావచ్చు. పది రెట్ల తేడా ప్లేటు మీద మాయమైపోయింది.

దారి ఏమిటంటే, గట్టిగా అతుక్కునే మెరిసే పెప్టైడ్‌ని ఎంచుకుని, దాన్ని 1–2 నానోమోలార్‌కి, ప్రోటీన్‌ని మెషీన్ సిగ్నల్ చూడగలిగినంత కిందికి, 2–3 నానోమోలార్‌కి దించండి. ఐసీ50ని నేరుగా పేపర్లో రాయకుండా, ప్రోటీన్, మెరిసే పెప్టైడ్ గాఢతలను లెక్కలోకి తీసుకునే సమీకరణంతో కేఐగా, అంటే మీ పెప్టైడ్ అసలు బలంగా, మార్చండి. ప్రోటీన్ గాఢతను సగం చేసి మళ్లీ ప్లేటు పెట్టండి. ఐసీ50 కూడా దాంతోపాటు సగానికి పడిపోతే, మీరు నేల మీదే ఉన్నారు.

రెండో మోసం సమయం. కేడీ 0.1 నానోమోలార్ ఉండి, అతుక్కునే వేగం సెకనుకు మోలార్‌కు పది లక్షలు అనుకుందాం. విడిపోయే వేగం సెకనుకు 0.0001 అవుతుంది. అంటే అతుక్కున్న వాటిలో సగం విడిపోవడానికి దాదాపు 1 గంట 55 నిమిషాలు. అరగంట ఆగి ప్లేటు చదివితే పోటీ ఇంకా మొదలే కాలేదన్నమాట. ఒకే ప్లేటును గంటకోసారి చదవండి, రెండు రీడింగులు ఒకటయ్యే దాకా. మేము సాయంత్రం పెట్టి, సీలు వేసి, పొద్దున కూడా ఒకసారి చదివేవాళ్లం. ఆ పొద్దుటి రీడింగ్ వల్ల మారిపోయిన ర్యాంకులు తక్కువేం కాదు.

అడుగు 6: మార్చడం, అంటే నిజంగా ఇంజినీరింగ్

రెండు దారులున్నాయి. ఒకటి, స్థానం వెంబడి స్థానం అలనిన్‌తో మార్చి బలం ఎక్కడ పడిపోతుందో చూడటం. బలం పది రెట్లు తగ్గితే గది ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కు సుమారు 1.4 కిలోక్యాలరీలు పోయినట్టు. ఈ అంకెలను ఎంసీఎల్-1కి ఒక వరుస, బీసీఎల్-ఎక్స్‌ఎల్‌కి ఇంకో వరుసగా పెట్టి తేడా తీయండి. తేడా ఎక్కువున్న స్థానాలే మీ ఆట స్థలం.

రెండో దారి లైబ్రరీ, అంటే రకరకాల మ్యుటెంట్ల పెద్ద గుంపు. ఆ స్థానాల్లో ఎన్ఎన్‌కే కోడాన్‌లు (మొదటి రెండు అక్షరాలు ఏవైనా, మూడోది జీ లేదా టీ) పెడితే 32 కోడాన్‌లతో 20 అమైనో ఆమ్లాలూ వస్తాయి. నాలుగు స్థానాలైతే 32ని నాలుగుసార్లు గుణించాలి: 10,48,576. ఐదైతే 3 కోట్ల 35 లక్షలు. ఆరైతే 107 కోట్లు దాటుతుంది. ఈస్ట్‌లో ఒక విద్యార్థి చేతికి మామూలుగా దక్కేది కోటి నుంచి పది కోట్ల కణాలు. ప్రతి రకం కనీసం పదిసార్లు ఉండాలనుకుంటే నాలుగు స్థానాల దగ్గర ఆగిపోవడం మంచిది. ఆశ ఎక్కువై ఏడు స్థానాలు తీసుకుంటే, చూసేది సముద్రంలో చెంబెడు నీళ్లే.

ఈస్ట్ డిస్‌ప్లేలో ఒక్కో ఈస్ట్ కణం ఒక్కో పెప్టైడ్‌ని ఒంటి మీద మోస్తుంది. ఈబీవై100 ఈస్ట్, గాలక్టోజ్ పెట్టగానే ప్రదర్శన మొదలు. పెప్టైడ్ చివర మిక్ గుర్తు ఉంటుంది, అది ఎంత పెప్టైడ్ బయటికొచ్చిందో చెబుతుంది. టార్గెట్‌కి బయోటిన్ తగిలించి ఇంకో రంగుతో చూస్తాం. రంగును బట్టి కణాలను వేరుచేసే సార్టర్ తెర మీద ఒక అక్షం మీద ప్రదర్శన, ఇంకో అక్షం మీద అతుకు. ఏటవాలుగా సాగిన మబ్బులో పై అంచున ఉన్నవాటిని ఏరుకుంటాం.

ఎంపిక అంతా ఇక్కడ చేసే చిన్న పనిలో ఉంది. ఎంసీఎల్-1కి బయోటిన్ తగిలించి 1 నానోమోలార్ వేయండి. అదే ట్యూబులో బయోటిన్ లేని బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని 100 నానోమోలార్ పోయండి. రెంటికీ అతుక్కునే పెప్టైడ్‌లను రంగు లేని బీసీఎల్-ఎక్స్‌ఎల్ ఆక్రమించేస్తుంది, అవి తెర మీద చీకటిగా ఉండిపోతాయి. వెలిగేవి ఎంసీఎల్-1నే కోరుకునేవి. పోటీ లేకుండా మూడు రౌండ్లు ఏరి, చివర్లో బీసీఎల్-ఎక్స్‌ఎల్‌తో పరీక్షిద్దాం అనుకుంటే దాదాపు ఖాయంగా మళ్లీ మామూలు బిమ్ లాంటిదే చేతికొస్తుంది. వదిలేయడాన్ని కూడా ఏరుకోవాలి, దానంతటది రాదు.

టార్గెట్‌ని ముందే స్ట్రెప్టావిడిన్‌తో కలిపేయకండి. స్ట్రెప్టావిడిన్‌కి నాలుగు చేతులుంటాయి. నాలుగు బలహీన పట్లు కలిసి ఒక గట్టి పట్టులా కనిపిస్తాయి. మొదటి రౌండులో జల్లెడకి అది ఉపయోగమే, తర్వాత మాత్రం ముందు టార్గెట్, కడిగిన తర్వాతే రంగు.

కంప్యూటర్ డిజైన్ దారి కూడా ఉంది. 2014లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ బేకర్ బృందం ఎప్‌స్టీన్-బార్ వైరస్ మోసుకొచ్చే బీసీఎల్-2 నకలును పట్టుకునే ప్రోటీన్‌ని డిజైన్ చేసింది. 2016లో అదే బృందం, ఇతర బృందాలతో కలిసి మనిషి కాపలాదారుల్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క ప్రత్యేక ప్రోటీన్‌ని తయారుచేసింది. గమనించాల్సింది: వాళ్లు ఒట్టి హీలిక్స్‌తో సరిపెట్టలేదు, దాన్ని మూడు హీలిక్స్‌ల కట్టలో బిగించారు. పక్క హీలిక్స్‌లు గాడి బయటి అంచులను తాకుతాయి, కాపలాదారుల మధ్య తేడాలు ఎక్కువగా ఉండేది అక్కడే. పెప్టైడ్‌తో వంద రెట్ల దగ్గర ఆగిపోయినవారు ఈ దారి చూడవచ్చు.

అడుగు 7: కణాల నుంచి జంటను బయటికి లాగేటప్పుడు సబ్బు జాగ్రత్త

కణంలో ఎవరు ఎవరిని పట్టుకుని ఉన్నారో చూడటానికి కో-ఐపీ చేస్తాం, అంటే యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని లాగి దాంతోపాటు ఎవరొచ్చారో చూస్తాం. కణాన్ని పగలగొట్టడానికి ల్యాబ్‌లో చేతికందేది ట్రైటాన్ లేదా ఎన్‌పీ-40. 1990ల చివర్లో రిచర్డ్ యూల్ బృందం చూపించిన సంగతి ఇది: ఈ సబ్బులే బ్యాక్స్ ఆకారాన్ని మార్చి, కణంలో అప్పటిదాకా లేని జంటలను కట్టేస్తాయి. చాప్స్ అనే సబ్బులో అలా జరగదు. పెళ్లి ఫొటో తీయడానికి వెళ్లి పెళ్లే చేసి వచ్చినట్టన్నమాట. కాబట్టి బ్యాక్స్ ఉన్న ఏ ప్రయోగానికైనా 1 శాతం చాప్స్ గానీ, డిజిటోనిన్ గానీ వాడండి. పాత పేపర్లు చదివేటప్పుడు ఫలితం కన్నా ముందు పద్ధతుల భాగంలో సబ్బు పేరు వెతకడం నాకు అప్పటి నుంచి అలవాటైపోయింది.

అడుగు 8: చచ్చిందా, అయితే ఏ దారిలో?

పెప్టైడ్ దానంతటది కణంలోకి పోదు. స్టేపుల్ వేసిన పెప్టైడ్‌లు 2004 నుంచి ఉన్నాయి. హీలిక్స్‌లో నాలుగు మెట్ల దూరంలో రెండు కృత్రిమ అమైనో ఆమ్లాలు పెట్టి, వాటి చేతులను కలిపేస్తారు. అవి నిజంగా లోపలికి వెళ్తాయా, బలం పెరుగుతుందా అన్నదాని మీద పెద్ద వాదనే నడిచింది. 2013లో మెల్‌బోర్న్ బృందం బిమ్ విషయంలో స్టేపుల్ వల్ల బలం పెరగాల్సిన పని లేదని చూపితే, అవతలివారు గట్టిగానే జవాబిచ్చారు. కొత్తవారికి నా సలహా: ముందు ఆ తగాదాలోకి దిగకండి. డిజిటోనిన్‌తో కణం బయటి పొరకు మాత్రం రంధ్రాలు పెట్టి, మైటోకాండ్రియాను ముట్టుకోకుండా, పెప్టైడ్‌ని నేరుగా లోపలికి పంపండి. దీన్నే బీహెచ్3 ప్రొఫైలింగ్ అంటారు, బోస్టన్‌లో ఆంథొనీ లెటాయ్ ల్యాబ్ దీన్ని పెంచి పోషించింది. డిజిటోనిన్ డబ్బా మారిన ప్రతిసారీ మోతాదు కొత్తగా తేల్చుకోవాలి. ట్రైపాన్ బ్లూ వేస్తే దాదాపు అన్ని కణాలూ నీలమవ్వాలి, సైటోక్రోమ్ సీ మాత్రం మైటోకాండ్రియాలోనే ఉండాలి.

సైటోక్రోమ్ సీ కొలుస్తుంటే పూర్తిగా బయటికి రప్పించడానికి పొరలకు రంధ్రాలు పెట్టే అలమెథిసిన్, అసలు రాకూడని గుంటకి పనిచేయకుండా మార్చిన ప్యూమా పెప్టైడ్ ప్యూమా2ఏ. ఈ రెండూ లేని ప్లేటు తీసి పక్కన పెట్టేయండి.

కణాలను ఎంచుకునేటప్పుడు ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నాయో తెలిసినవాటిని తీసుకోండి. ఎన్‌సీఐ-హెచ్929 మైలోమా కణాలు ఎంసీఎల్-1 మీద బతుకుతాయి. ఆర్ఎస్4;11 లుకేమియా కణాలు బీసీఎల్-2 మీద. మీ పెప్టైడ్ మొదటిదాన్ని కదిలించి రెండోదాన్ని వదిలేస్తే ఆశ పెట్టుకోవచ్చు. బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని నిజంగా వదిలేసిందా అన్నది ప్లేట్‌లెట్లు చెబుతాయి. రక్తం తీసుకోవడానికి ఎథిక్స్ అనుమతి ముందే పెట్టుకోండి, దానికి పట్టే సమయం ప్రయోగానికి పట్టదు.

చచ్చిపోతున్న కణాల ఒంటికి అతుక్కునే ప్రోటీన్ అనెక్సిన్‌తో చేసే పరీక్షలో చిన్న జాగ్రత్త. అనెక్సిన్‌కి కాల్షియం కావాలి. ఫ్లాస్కుకి అంటుకుని పెరిగే కణాలను ట్రిప్సిన్-ఈడీటీఏతో లేపి సరిగా కడగకపోతే మిగిలిన ఈడీటీఏ కాల్షియాన్ని మింగేస్తుంది. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. ఇంకోటి: ఎంసీఎల్-1 గాడిని చిన్న అణువుతో మూస్తే, వెస్టర్న్ బ్లాట్‌లో ఎంసీఎల్-1 బ్యాండ్ తగ్గదు, పెరుగుతుంది. మామూలుగా అరగంటలో సగం కరిగిపోయే ప్రోటీన్ అది, గాడిలో ఎవరైనా కూర్చుంటే ఎక్కువసేపు నిలుస్తుంది. బిమ్ పట్టుకున్నా అంతే, నాక్సా పట్టుకుంటే మాత్రం ముక్కలైపోతుంది. బ్యాండ్ పెరిగిందని టెన్షన్ పడి పెప్టైడ్‌ని పారేయకండి.

అన్నింటికన్నా కఠినమైన పరీక్ష బ్యాక్స్, బ్యాక్ రెండూ తీసేసిన కణాలు. మన పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. పత్తి చెక్క దాణాలో ఎక్కువైతే కోళ్లకు ప్రమాదమని మన ప్రాంతంలో దాణా కలిపేవారికి తెలుసు. అదే గాసిపాల్ బీసీఎల్-2 నిరోధకంగా క్యాన్సర్ ట్రయల్స్ దాకా వెళ్లింది, గాడికి అతుక్కుంటుంది కూడా. తీరా చూస్తే బ్యాక్స్, బ్యాక్ లేని కణాల్నీ చంపేస్తోందని తేలింది. రంధ్రం పొడిచేవాళ్లే లేని ఇంట్లో కణం చచ్చిందంటే, చంపింది గాడి దారి కాదు, వేరే విషమేదో. ఏబీటీ-737 మాత్రం ఆ కణాలను వదిలేసింది.

కాబట్టి ఒకే ప్లేటులో మూడు వరుసలు పెట్టండి: మామూలు కణాలు, బ్యాక్స్–బ్యాక్ లేనివి, లేనివాటిలో బ్యాక్‌ని తిరిగి పెట్టినవి. పక్కనే 4ఈ పెప్టైడ్. మొదటి వరుసలో గీత పైకి లేవాలి, రెండో వరుసలో నేల మీద పడుకుని ఉండాలి, మూడో వరుసలో మళ్లీ లేవాలి. 4ఈ మూడింట్లోనూ లేవకూడదు. ఇలా మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరుగా కరిగించిన కణాలతో వచ్చాకే నేను మేడమ్ గదికి మళ్లీ వెళ్లాను. ఈసారి ఆవిడ కర్వ్‌లు చూశారు. చూసి, "డిజిటోనిన్ డబ్బా అదేనా, మార్చావా?" అని అడిగారు.